పెంకు బొమ్మకు, సొన బాణలికి: చేతిపనుల్లో మిగిలిన గుడ్లను ఏం చేసుకోవాలి?

ఈస్టర్ వారం వచ్చిందంటే అమెరికా, ఐరోపాల్లో ఉన్న తెలుగు ఇళ్లలోకి కూడా రంగు గుడ్లు వచ్చిపడతాయి. డేకేర్ నుంచి పిల్లలు తెచ్చినవి కొన్ని, పక్కింటివాళ్లు పంచినవి కొన్ని, సరదా పడి మనమే రంగులు వేయించినవి ఇంకొన్ని. ఇక్కడ మన ఊళ్లలోనూ బడి ప్రాజెక్టు పేరుతో గుడ్డుకు చిల్లు పెట్టి, సొన గిన్నెలోకి దించి, ఖాళీ డొల్ల మీద కళ్లూ ముక్కూ గీయించడం చూస్తూనే ఉంటాం. పిల్లల పని అక్కడితో అయిపోతుంది. వంటింట్లో పని అక్కడే మొదలవుతుంది. మిగిలినవి తినొచ్చా, పారెయ్యాలా? తినొచ్చంటే ఏం చెయ్యాలి?

దీనికి ఎవరిని అడిగినా ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. వారం దాకా ఫరవాలేదంటారొకరు. రెండు గంటలు దాటితే ముట్టుకోవద్దంటారు ఇంకొకరు. శుభ్రంగా కేకు చేసుకోండి అని ఒకరంటే, చేశాం గానీ పొంగలేదని మరొకరు వాపోతారు. వీళ్లలో అబద్ధం చెప్పేవాళ్లెవరూ లేరు. కాకపోతే వాళ్లు మాట్లాడుతున్నది ఒకే గుడ్డు గురించి కాదు. ఒక చేతిపనికి గుడ్డు మీద పైపైన రంగుంటే చాలు. ఇంకొకటి పెంకంతా తనకే కావాలంటుంది. మరొకటి తెల్లసొన తీసుకుని పచ్చసొన వదిలేస్తుంది, లేదా పచ్చసొన తీసుకుని తెల్లసొన వదిలేస్తుంది. గుడ్డులో ఏ భాగం ఆ పనికి పోయిందో చూసుకుంటే, మిగిలినదాన్ని ఏం వండాలో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

అసలు ఈస్టర్‌కే ఇన్ని గుడ్లెందుకు పోగుపడ్డాయంటే, మధ్యయుగాల ఐరోపాలో పండగకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో మాంసంతో పాటు గుడ్లూ నిషిద్ధం. ఆ ముక్క కోళ్లకు తెలియదు కదా. పైగా వసంతంలో పగటి వెలుతురు పెరిగేకొద్దీ అవి ఇంకా ఎక్కువ పెడతాయి. అలా పోగుపడ్డవాటిని ఉడకబెట్టి, రంగేసి, ఉపవాసం విడిచే రోజున పంచుకునేవారు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి ఖర్చుల లెక్కల్లో 1290 ఈస్టర్‌కు 450 గుడ్ల కోసం 18 పెన్నీలు పెట్టినట్టు రాసి ఉంది. వాటికి రంగులూ బంగారు రేకులూ అద్ది ఆస్థానంలోవాళ్లకు పంచారట. అంటే మొదట్లో మిగిలిపోయినవి గుడ్లే, వాటిని వదిలించుకోవడానికి పుట్టింది చేతిపని. ఇప్పుడు వరస తారుమారైంది, చేతిపని అయ్యాక గుడ్లు మిగులుతున్నాయి.

తినే గుడ్డు వేరు, చూసే గుడ్డు వేరు అన్న తేడాను అందరికన్నా పక్కాగా పాటించింది ఉక్రెయిన్‌వాళ్లు. వాళ్ల దగ్గర ‘క్రాషంకా’ అంటే ఉడకబెట్టి ఒకే రంగులో ముంచిన గుడ్డు. దాన్ని ఈస్టర్ బుట్టలో రొట్టె పక్కన పెట్టి, చర్చిలో దీవెన పొందాక ఇంటికి తెచ్చుకుని తింటారు. ‘పిసంకా’ అలా కాదు. అది పచ్చి గుడ్డు మీద తేనెమైనంతో సన్నని గీతలు గీసి, లేత రంగు నుంచి ముదురు రంగు దాకా ఒక్కో తొట్టిలో ముంచుతూ, చివర్లో మైనం కరిగించి తుడిచే కళ. 2024లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేరింది కూడా. పిసంకాను ఎవరూ తినరు. లోపలి సొనను అలాగే వదిలేస్తే ఏళ్ల తరబడి మెల్లగా ఎండిపోతుంది. ఎండేలోగా పెంకు చిట్లిందా, ఆ గదిలో కాసేపు ఎవరూ కూర్చోలేరు. ఇప్పటి పిసంకా రంగుల్లో చాలావరకు తినడానికి పనికిరాని రసాయన రంగులే. కాబట్టి రంగులన్నీ వేశాక, వార్నిష్ కూడా పూశాక చిల్లు పెట్టి తీసిన సొనను చెత్తబుట్టలో వెయ్యాల్సిందే. అది గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బయట ఉన్న గుడ్డు. బయటికి వస్తూ రంగు పూసిన చిల్లును రాసుకుంటూ వచ్చిన సొన. దాన్ని దాచుకుని అట్టు వేద్దామనుకోవడం పిసినారితనం కూడా కాదు, మొండితనం. సొన కావాలనుకుంటే రంగు వెయ్యకముందే తీసేసుకోవాలి.

ఉడికించి రంగేసిన గుడ్లలో తికమకంతా సమయం దగ్గరే. పైన చెప్పిన రెండు గంటల మాటా, వారం మాటా రెండూ సరైనవే. ఉడికిన గుడ్డు ఫ్రిజ్ బయట మొత్తం కలిపి రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటితే ఒక్క గంటే. అంతలోపు ఫ్రిజ్‌లోకి చేరిన గుడ్డు వారం దాకా బాగుంటుంది. రంగు వేస్తూ కూర్చున్న ముప్పావు గంట, బల్ల మీద అందంగా పేర్చిన గంట, ఫొటోలు తీసుకున్న పావుగంట, అన్నీ ఈ రెండు గంటల పద్దులోవే.

ఇక్కడ మనవాళ్లకు ఒక సందేహం వస్తుంది. కిరాణా కొట్లో గుడ్లు రోజుల తరబడి అట్టల్లో బయటే ఉంటాయి కదా, పచ్చివాటికి లేని భయం ఉడికినవాటికెందుకు? పెంకు మీద వేల సంఖ్యలో సన్నని రంధ్రాలుంటాయి. కోడి పెట్టిన గుడ్డుకు వాటిని మూసి ఉంచే పల్చని పొర సహజంగానే ఉంటుంది. మన దేశంలో చాలావరకు కడగని గుడ్లే అమ్ముతారు కాబట్టి ఆ పొర చెడదు. అమెరికాలో గుడ్లను కడిగే అమ్ముతారు, అందుకే అక్కడ అవి కొట్లో కూడా చల్లటి అరల్లోనే ఉంటాయి. ఇక ఉడకబెడితే ఏ దేశపు గుడ్డుకయినా ఆ పొర కాపలా ఉండదు. దాని మీద రంగుకు పట్టు రావడానికి కలిపే వెనిగర్ పెంకులోని సున్నాన్ని కొంచెం తింటుంది. రంగునీళ్లలో వెయ్యగానే గుడ్డు చుట్టూ లేచే బుడగలు దాని గుర్తులే. పచ్చి తెల్లసొనలో సూక్ష్మజీవులను అడ్డుకునే మాంసకృత్తులు కొన్ని ఉంటాయి, ఉడికితే వాటి పనీ ముగుస్తుంది. అలా కాపలాదార్లందరూ సెలవు మీద వెళ్లిన గుడ్డు అది. అందుకే ఉడికిన గుడ్డు పచ్చి గుడ్డు కంటే ముందే పాడవుతుంది.

పెరట్లో పొదల కింద దాచి పిల్లలతో వెతికించిన గుడ్లను తినే లెక్కలోంచి తీసెయ్యడమే మేలు. చీలిక కనిపించనంత సన్నగా ఉన్నా మట్టి లోపలికి పోతుంది. దాచడానికి ఒక డజను, తినడానికి ఒక డజను విడివిడిగా ఉడకబెట్టుకుంటే గొడవే ఉండదు. ఫుడ్ కలర్, పసుపు, ఉల్లిపొట్టు కషాయం, ఎర్ర క్యాబేజీ నీళ్లు, వీటితో రంగేసినవి నిక్షేపంగా తినొచ్చు. ఉల్లిపొట్టు ఇచ్చే ఆ ఇటుక రంగు ముందు కొన్న రంగు ఏదీ నిలవదని నా అభిప్రాయం. మార్కర్, యాక్రిలిక్, జిగురు, మెరుపు పొడి తగిలినవి మాత్రం బొమ్మలుగానే ఉండాలి.

ఒలిస్తే తెల్లసొన మీద నీలం, ఆకుపచ్చ మరకలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, వేసింది తినే రంగయితే పగుళ్లలోంచి దిగినా హాని లేదు. పచ్చసొన చుట్టూ బూడిద రంగులో ఉండే ఉంగరానికీ ఆ రంగులకూ సంబంధమే లేదు. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోంచి పుట్టే గంధక వాయువు పచ్చసొనలోని ఇనుముతో కలిసి అలా తేలుతుంది. చూడ్డానికి బాగోదంతే.

వీటిని వండేటప్పుడు ఒక్కటే గుర్తుంచుకోవాలి, ఇవి ఒకసారి పూర్తిగా ఉడికిపోయాయి. పులుసులో మొదట్లోనే వేసి ఇరవై నిమిషాలు మరిగిస్తే తెల్లసొన పళ్లకు సాగుతుంది. నాలుగు వైపులా గాట్లు పెట్టి, కొంచెం నూనెలో పసుపూ కారమూ వేసి పైన ఎర్రటి పొర కట్టేదాకా వేయించి పక్కన పెట్టాలి. ఉల్లిపాయ, చింతపండు పులుసు చిక్కబడి నూనె తేలాక గుడ్లు వేసి, ఐదు నిమిషాలు సన్న సెగన ఉంచి దించెయ్యాలి. ఇలా వేయించడంలో ఇంకో లాభముంది, నీలం మరకలు ఆ ఎర్రదనం కింద కనిపించవు. పులుసులో నీలి గుడ్డు తేలితే ఇంట్లో పెద్దవాళ్లు కంచం ముందు నుంచి లేచిపోగలరు.

బేకింగ్‌లోకి ఉడికిన గుడ్డు పనికిరాదని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ బేకరీల్లో సాయంత్రమయ్యేసరికి ఖాళీ అయ్యే ఎగ్ పఫ్ సంగతి వాళ్లకు గుర్తుండదు. ఉల్లిపాయలు ముదురు రంగు వచ్చేదాకా వేయించి, అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా కలిపి పొడిగా దగ్గరపడనివ్వాలి. తడి ఉంటే పొరలు విచ్చుకోవు. బజార్లో దొరికే పఫ్ షీటును చదరాలుగా కోసి, మసాలా మీద సగం గుడ్డును బోర్లించి, మూలలు మడిచి 200 డిగ్రీల ఓవెన్‌లో పొంగి ఎర్రబడేదాకా ఉంచాలి.

ఉడికిన పచ్చసొనకు ఇటలీవాళ్లు కనిపెట్టిన ఉపయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. ‘ఓవిస్ మోలిస్’ అనే బిస్కెట్లలో ఉడికిన పచ్చసొనను జల్లెడ మీద రుద్ది పొడి చేసి పిండిలో కలుపుతారు. పచ్చి గుడ్డు వేస్తే దాని తడికి మైదా సాగుడు గుణం తెచ్చుకుంటుంది. ఉడికిన పచ్చసొన కొవ్వునే ఇస్తుంది గానీ పిండిని తడపదు, అందుకే ఆ బిస్కెట్ నోట్లో పెట్టగానే ఇసుకలా రాలిపోతుంది. మైదా 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 50, చల్లటి వెన్న 100, పొడి చక్కెర 50, మూడు పచ్చసొనలు, చిటికెడు ఉప్పు. కలిపిన ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, చిన్న ఉండలు చేసి, మధ్యలో వేలితో నొక్కి జామ్ పెట్టి, 170 డిగ్రీల్లో పావుగంట. మిగిలిన తెల్లసొనను మిరియాల పొడితో పోపన్నంలోకి తరుక్కోవచ్చు.

పెంకు కోసం ఖాళీ చేసిన గుడ్ల సంగతి పూర్తిగా వేరు. ఇక్కడ మిగిలేది పచ్చి సొన, అదీ కలగాపులగంగా. గుడ్డును ముందే సబ్బు నీళ్లతో కడిగి ఆరనిచ్చి, రెండు కొనల్లోనూ సూదితో చిల్లు పెడతారు. కింది చిల్లు కొంచెం పెద్దదిగా ఉండాలి. అందులోంచి సాగదీసిన పేపర్ క్లిప్పును దూర్చి తిప్పితే లోపల ఏదో మెత్తగా తెగినట్టు వేలికి తెలుస్తుంది, అది పచ్చసొన పొర. అది తెగకపోతే ఎంత ఊదినా సొన రాదు. తెగాక ముందు నీళ్లలాంటి తెల్లసొన, ఆ వెనక పసుపు చారలు, చివర్లో జిగట తీగ ఒకటి చిల్లులో ఇరుక్కుని గుడ్డునంతా ఊపితే గానీ ఊడిరాదు. నోటితో ఊదొద్దు. పసిపిల్లల ముక్కు శుభ్రం చేసే రబ్బరు బల్బు ఈ పనికి చక్కగా సరిపోతుంది. గుడ్డు ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపయితే, కోడి పెట్టి కొన్నాళ్లయినదైతే సొన పల్చగా ఉండి తేలిగ్గా దిగుతుంది.

గిన్నెలోకి దిగిన సొనను వెంటనే జల్లెడ పట్టాలి. పెంకు నలుసులు, పొర ముక్కలు, ఆ జిగట తీగలు అందులో ఆగిపోతాయి. తర్వాత మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజో మర్నాడో వాడేసుకోవాలి. పది గుడ్ల సొన ఒకే గిన్నెలో కలిసిందంటే, వాటిలో ఒక్కదానికి సాల్మొనెల్లా అనే జబ్బు చేసే సూక్ష్మజీవి ఉన్నా గిన్నెంతా దానిదే. అందుకే ఈ సొనతో మయొనైజ్, తిరమిసు లాంటి ఉడకని పదార్థాలు కుదరవు. లోపలి వేడి 71 డిగ్రీలు తాకే వంటలే చెయ్యాలి.

కేకు పొంగలేదన్నవాళ్ల చిక్కు ఇక్కడిదే. తెల్లసొనను విడిగా గిలకొట్టి నురుగు చేసే వంటకాలు ఈ సొనతో రావు, పచ్చసొనలోని కొవ్వు కొంచెం కలిసినా నురుగు నిలబడదు. రెండో చిక్కు లెక్క. ‘నాలుగు గుడ్లు’ అని వంటకంలో ఉంటుంది, మన దగ్గరున్నది గిన్నెడు సొన. అంచేత తూకం వెయ్యడమే దారి. అమెరికాలో ‘లార్జ్’ గుడ్డంటే పెంకు తీసేస్తే సుమారు 50 గ్రాములు. మన కోళ్ల ఫారాల గుడ్లు చాలావరకు అంతకు ఒకట్రెండు చెంచాలు తక్కువే తూగుతాయి. లెక్క తప్పే అవకాశమే లేని కేకు పాతకాలపు పౌండ్ కేకు. సొన ఎంత తూగితే వెన్న, చక్కెర, మైదా అంతంతే. 250 గ్రాముల సొన ఉంటే అన్నీ 250. వెన్నా చక్కెరా తెల్లబడేదాకా గిలకొట్టి, సొనను కొంచెం కొంచెంగా పోసి, చివర్లో మైదా కలిపి 170 డిగ్రీల్లో గంట. తేలికైన స్పాంజి కావాలంటే 200 గ్రాముల సొనలో 120 గ్రాముల చక్కెర వేసి, గిన్నెను వేడినీళ్ల మీద ఉంచి గోరువెచ్చనయ్యేదాకా కలిపి, తర్వాత బీటర్‌తో బాగా కొట్టాలి. చక్కెర, వెచ్చదనం తోడైతే కలిసిన సొన కూడా మూడింతలవుతుంది. బీటర్ ఎత్తినప్పుడు జారిన ధార గిన్నెలో కాసేపు గీతగా నిలిచిందంటే 120 గ్రాముల మైదా మెల్లగా కలుపుకోవచ్చు.

నన్నడిగితే, ఈ కలిసిన సొనకు కేకుకన్నా గుడ్డు జున్ను మంచి గతి. ముర్రుపాలు దొరకని ఊళ్లలో, దేశాల్లో మనవాళ్లు ఎప్పుడో పట్టిన దారే ఇది. 200 గ్రాముల సొనకు 600 మిల్లీలీటర్ల చల్లటి పాలు, 150 గ్రాముల బెల్లం తురుము, దంచిన మిరియాలు, యాలకులు. వేడి పాలలో బెల్లం వేస్తే విరిగే ప్రమాదముంది కాబట్టి అన్నీ చల్లగానే కలిపి, బెల్లం కరిగాక వడగట్టాలి. నురుగు రాకుండా గరిటెతో కలపాలి, నురుగుంటే జున్నులో తూట్లు పడతాయి. గిన్నె మీద మూత పెట్టి, కుక్కర్‌లో విజిల్ లేకుండా సన్న సెగన ఆవిరి పట్టాలి. పాలూ గుడ్డూ కలిసినది 80 డిగ్రీల దరిదాపుల్లో గట్టిపడుతుంది, అది దాటి ఉడికితే నీరు వదిలేస్తుంది. గిన్నెను కదిపితే అంచులు గట్టిగా ఉండి నడిమధ్య మాత్రం వణకాలి. అప్పుడు దించితే చల్లారేలోపు అదీ నిలబడుతుంది.

ఇంత తంటా లేకుండా చేసేవాళ్లు మెక్సికన్లు. ‘కాస్కరోన్’ అంటే రంగు కాగితపు ముక్కలు నింపిన గుడ్డు డొల్ల. ఈస్టర్‌కు వాటిని ఒకరి నెత్తి మీద ఒకరు పగలగొట్టుకుంటారు, మన హోలీ అల్లరి లాంటిదే. టెక్సస్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఆ డొల్లల కోసం ప్రత్యేకంగా గుడ్లు కొట్టరు. పండగకు వారాల ముందు నుంచే రోజూ వంటకు వాడే గుడ్డును పై కొన దగ్గర జాగ్రత్తగా పగలగొట్టి, సొన పెనం మీదికి పోసి, డొల్ల కడిగి ఆరబెట్టి దాస్తారు. బడి ప్రాజెక్టు వారం ముందే తెలిస్తే మనమూ ఇదే చెయ్యొచ్చు. కానీ పిల్లలు ఆ సంగతి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి చెబుతారు.

ఇక సగం గుడ్డును మిగిల్చే పనులు. వీటిలో పెద్దది ఫొటోగ్రఫీ అంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. 1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్రార్ ఆల్బుమెన్ కాగితాన్ని పరిచయం చేశాడు. ఉప్పు కలిపిన తెల్లసొన మీద కాగితాన్ని తేల్చి, ఆరాక వెండి లవణం పట్టిస్తే మెరిసే ఫొటో ప్రింటు వచ్చేది. 1888 నాటికి జర్మనీలో డ్రెస్డెన్‌లోని ఒక్క కంపెనీయే రోజుకు సుమారు 60,000 గుడ్లు పగలగొట్టేది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన హైదరాబాద్ ఫొటోల్లో చాలావాటి ప్రింట్లు ఇలాంటి కాగితం మీదివే. ఆ చౌమహల్లా వైభవమంతా తెల్లసొన మీద నిలిచిందన్నమాట. మరి పచ్చసొనలు? తోలు మెత్తబరిచేవాళ్లు, బేకరీలవాళ్లు కొనుక్కునేవారు. సొంతంగా కాగితం తయారుచేసుకునే ఫొటోగ్రాఫర్ల కోసం 1860ల్లో బ్రిటన్‌లోని ఒక ఫొటోగ్రఫీ పత్రిక మిగిలిన పచ్చసొనతో చీజ్‌కేక్ చేసే పద్ధతినే అచ్చువేసింది.

పోర్చుగల్ మఠాల్లోనూ ఇదే కథ. బట్టలకు గంజి పెట్టడానికీ, ద్రాక్షసారా తేటపరచడానికీ తెల్లసొన పోగా మిగిలిన పచ్చసొనలు చక్కెర పాకంలో పడి మిఠాయిలయ్యాయని అక్కడివాళ్లు చెబుతారు. లిస్బన్ కస్టర్డ్ టార్టులు ఆ వంశానివే. మలబారు ముస్లింల ఇళ్లలో అయితే రెండు సగాలకూ న్యాయం జరుగుతుంది. పచ్చసొనను సన్నని ధారగా పాకంలోకి వదిలి ‘ముట్టమాల’ చేసి, మిగిలిన తెల్లసొనను చక్కెర, యాలకులతో ఆవిరి పట్టి ‘పింజానత్తప్పం’ చేస్తారు. రెండూ ఒకే పళ్లెంలో వడ్డిస్తారు.

ఇప్పటి ఇళ్లలో ఈ సగం చిక్కు ఎక్కువగా ఎగ్ టెంపెరా నేర్చుకునేవాళ్లకు వస్తుంది. రంగు పొడిని పచ్చసొనతో నూరి బొమ్మ వేస్తారు, తెల్లసొన మిగిలిపోతుంది. నురుగు వంటకాలకు ఇదే సరైన అదను. తూత్తుకుడి మాకరూన్లు తెల్లసొన, చక్కెర, జీడిపప్పు పొడి, ఈ మూడింటితోనే అవుతాయి. సొన తీసేది వంటింటి గిన్నెలో, రంగు నూరేది వేరే పలక మీద అన్న నియమం ఒక్కటి తప్పకూడదు. పాత రంగు పొడుల్లో కొన్నిటిలో సీసం, పాదరసం ఉంటాయి.

వెంటనే వండలేకపోతే డీప్ ఫ్రీజర్ ఉంది. తెల్లసొన ఉన్నదున్నట్టు గడ్డకట్టి, కరిగాక మళ్లీ నురుగు కూడా ఇస్తుంది. కలిసిన సొనను కొంచెం గిలకొట్టి పెట్టాలి. రెండూ ఏడాది దాకా ఉంటాయి. ఉడికిన తెల్లసొనను మాత్రం పెట్టొద్దు, గట్టిపడి నీరు కారుతుంది. పచ్చసొనను విడిగా పెడితే గడ్డకట్టేటప్పుడు దానిలోని కొవ్వూ మాంసకృత్తూ ముద్దకట్టి, కరిగించినా మళ్లీ జారుగా కాదు. నాలుగు పచ్చసొనలకు చిటికెడు ఉప్పో, ఒకటిన్నర చిన్న చెంచాల చక్కెరో కలిపితే ఆ ముద్ద కట్టదు. డబ్బా మీద తారీఖు, తూకంతో పాటు ఉప్పు వేశారో చక్కెర వేశారో కూడా రాసిపెట్టండి. రెండు నెలల తర్వాత చూస్తే రెండూ ఒకే రంగులో ఉంటాయి, జున్ను పెట్టాక గానీ తేడా తెలియదు.